పాము కల చెప్పడం మానేశాను

పద్నాలుగేళ్లు ఒకటే కథ చెప్పాను. కెకూలే అనే జర్మన్ శాస్త్రవేత్త చలిమంట ముందు కునికిపాట్లు పడుతుంటే కలలో పాము కనిపించిందనీ, అది తన తోకను తానే కరచుకుందనీ, ఆయన ఉలిక్కిపడి లేచి బెంజీన్ అనే ద్రవం అణువు నిర్మాణాన్ని వలయంలా గీశాడనీ. ఆ కథ మొదలెట్టగానే క్లాసు నిశ్శబ్దమైపోయేది. వెనక బెంచీల్లో ఫోన్లు జేబుల్లోకి వెళ్లిపోయేవి. లెక్చరర్‌కి అంతకంటే ఏం కావాలి? పాము తర్వాత బోర్డు మీద షడ్భుజి, మూలకో కార్బన్, లోపల ఒకటి విడిచి ఒకటి ద్విబంధాలను చూపే మూడు గీతలు, పక్కనే గీతలు జరిపిన ఇంకో షడ్భుజి, మధ్యలో రెండు మొనల బాణం. పైన ‘రెజొనెన్స్’ అని రాసి కింద గీత కొడితే యూనిట్ సగం అయిపోయినట్టే.

నేను శ్రీకాకుళం జిల్లాలో డిగ్రీ పిల్లలకు కెమిస్ట్రీ చెప్పుకుని బతుకుతున్నాను. ఆ కథ మానేసి నాలుగేళ్లవుతోంది. దానికి ఒక జవాబు పత్రం, ఒక ప్రశ్న కారణం.

జవాబు పత్రం సంగతి ముందు చెబుతాను. ఇంటర్నల్ పరీక్షలో బెంజీన్ నిర్మాణానికి ఆధారాలు రాయమంటే ఒక అబ్బాయి సగం పేజీ పాము బొమ్మ వేశాడు. ఆకుపచ్చ స్కెచ్ పెన్నుతో, పొలుసులతో సహా. కింద పెద్దక్షరాల్లో ‘హెన్స్ ప్రూవ్డ్’. స్టాఫ్ రూమ్‌లో అందరికీ చూపించి నవ్వుకున్నాం. ఇంటికెళ్లాక మాత్రం నవ్వు రాలేదు. వాడు నేను చెప్పిందే రాశాడు కదా. నేను ఆధారం అని చెప్పింది పాము ఒక్కటే.

ఇక ప్రశ్న. టెక్కలి వైపు నుంచి బస్సులో వచ్చే అమ్మాయి, ఎప్పుడూ నోరు విప్పదు. ఆ రోజు నేను రెండు షడ్భుజులు గీసి, “బెంజీన్ ఈ రూపంలోంచి ఆ రూపంలోకి, ఆ రూపంలోంచి ఈ రూపంలోకి చాలా వేగంగా మారుతూ ఉంటుంది” అన్నాను. ఆ అమ్మాయి లేచి, “మేడమ్, మరి ఫొటో తీస్తే ఏ బొమ్మ పడతాదండీ?” అంది.

“అంత స్పీడు కెమెరా ఇంకా రాలేదమ్మా” అన్నాను. క్లాసంతా నవ్వింది. ఆ అమ్మాయి కూర్చుంది. నేను గట్టెక్కాను.

సాయంత్రం బస్సులో ఆ మాట మళ్లీ గుర్తొచ్చింది. ఫొటో ఎప్పుడో తీశారు! కాథ్లీన్ లాన్స్‌డేల్ అనే ఆవిడ 1929లోనే హెక్సామిథైల్ బెంజీన్, అంటే ఆరు మూలలకీ ఒక్కో మిథైల్ గుంపు (ఒక కార్బన్, మూడు హైడ్రోజన్లు) తగిలించిన బెంజీన్, స్ఫటికం మీదికి ఎక్స్-కిరణాలు పంపి, మధ్యలో ఉన్న ఆరు కార్బన్లూ ఒకే తలంలో ఉన్నాయని, వలయం ఆరు భుజాలూ సమానమని చూపించింది. మామూలు ఏకబంధం పొడవు 1.54 ఆంగ్‌స్ట్రామ్‌లు, ఆంగ్‌స్ట్రామ్ అంటే సెంటీమీటరులో పదికోట్లో వంతు. ద్విబంధం 1.34. బెంజీన్‌లో ఏ భుజం కొలిచినా 1.39. పొడుగొకటి, పొట్టొకటి అనేదే లేదు. మారడానికి అక్కడ రెండు రూపాలుంటే కదా, వేగంగానో నెమ్మదిగానో మారేది. ద్విబంధాలు అటూ ఇటూ ఊగుతాయన్నది కెకూలే 1872లో తన బొమ్మను కాపాడుకోవడానికి చెప్పిన మాట. దాన్ని పట్టుకొచ్చి ఇన్నేళ్లుగా ఇదే రెజొనెన్స్ అని చెబుతున్నాను. మర్నాడు క్లాసులో చెప్పాను, నిన్న నేను చెప్పింది తప్పు అని. ఆ అమ్మాయి సంతోషించలేదు, కంగారు పడింది. లెక్చరర్ తప్పు ఒప్పుకుంటే పిల్లలు ఎందుకంత భయపడతారో నాకిప్పటికీ అర్థం కాదు.

అప్పటి నుంచి నేను పట్టుకున్న పట్టు ఇది. బెంజీన్ పాఠంలో ముందు బొమ్మ గీయకూడదు. ముందు చిక్కు పెట్టాలి. పిల్లలు ఆ చిక్కులో పడి ఒకటి రెండు రోజులు కొట్టుకున్నాకే షడ్భుజి బోర్డెక్కాలి. ముందే బొమ్మ ఇచ్చేస్తే అది దేనికి జవాబో వాళ్లకు తెలియదు. అడగని ప్రశ్నకి చెప్పిన జవాబు పరీక్ష దాకా గుర్తుంటే గొప్ప.

కల సంగతే చూడండి. కెకూలే వలయ నిర్మాణం ప్రకటించింది 1865లో. ఆ వ్యాసంలో పామూ లేదు, కలా లేదు. కల గురించి ఆయన చెప్పింది 1890లో, బెర్లిన్‌లో, వలయానికి పాతికేళ్లు నిండాయని జరిపిన సన్మాన సభలో. సన్మాన సభల్లో పెద్దమనుషులు ఎలా మాట్లాడతారో మనకు తెలియంది కాదు. కల నిజంగా వచ్చిందో లేదో నాకు అనవసరం, వచ్చే ఉండొచ్చు. కానీ దానికి ముందు ఆయన ఏళ్ల తరబడి కార్బన్‌కి నాలుగు చేతులుంటాయనీ, అవి ఒకదాన్నొకటి పట్టుకుని గొలుసు కడతాయనీ తేల్చే పనిలో తలమునకలై ఉన్నాడు. బెంజీన్‌లో ఒక హైడ్రోజన్ తీసి బ్రోమిన్ పెడితే ఎన్ని రకాలొస్తాయి, రెండు తీసి రెండు పెడితే ఎన్ని రకాలొస్తాయి అన్న లెక్క చుట్టూనే ఆ రోజుల్లో వాదమంతా నడిచింది. ఒకటి పెడితే ఒకటే రకం, రెండు పెడితే మూడు రకాలు. అసలు ఆధారం అదీ. మా పిల్లలకు ఆరు చుక్కలు పెట్టి లెక్కేయమంటే, సంక్రాంతికి చుక్కల ముగ్గులేసిన చేతులు ముందు తేల్చేస్తాయి, “ఇదీ అదీ తిప్పితే ఒకటే కదండీ” అని. ఈ లెక్క వదిలేసి నిద్ర గురించి చెబితే, మన ఊళ్ల పిల్లలకు అందే సందేశం ఏమిటి? సైన్సంటే ఎక్కడో ఎవరో మహానుభావుడికి నిద్రలో దొరికేది, మనం కంఠతా పట్టేది అని.

ఇప్పుడు నేను పాఠం సాంబ్రాణితో మొదలుపెడుతున్నాను. బజారులో దొరికే కప్ సాంబ్రాణి కాదు, అసలు సాంబ్రాణి ముక్క. పసిపిల్లలకు తలంటి పొగ వేసేది. ఆ ముక్కని అందరికీ ఇచ్చి వాసన చూడమంటాను. బెంజీన్ పేరు పుట్టింది అందులోంచే. సుమత్రా వైపు నుంచి వచ్చే ఈ బంకను అరబ్బు వర్తకులు ‘లుబాన్ జావీ’, అంటే జావా ధూపం, అనేవాళ్లు. యూరప్ వాళ్ల నోట్లో మొదటి అక్షరం రాలిపోయి అది బెంజోయిన్ అయింది. దాన్ని వేడిచేస్తే వచ్చే తెల్లని స్ఫటికాలు బెంజోయిక్ ఆమ్లం. మిట్షర్‌లిష్ 1833లో ఆ ఆమ్లాన్ని సున్నంతో కలిపి కాస్తే ఒక ద్రవం వచ్చింది, దానికాయన బెంజిన్ అని పేరు పెట్టాడు. అదే ద్రవాన్ని 1825లోనే ఫారడే లండన్‌లో, దీపాల గ్యాసు నింపిన సిలిండర్ల అడుగున మిగిలిన నూనెలోంచి తీసి ఉన్నాడు. సాంబ్రాణిలోంచీ గ్యాసు మడ్డిలోంచీ ఒకటే సరుకు! ఇది చెప్పినప్పుడు కూడా ఫోన్లు జేబుల్లోకి వెళుతున్నాయి, గమనించాను. కథలంటే నాకు కోపం లేదు, ఆ ఒక్క కథతోనే పేచీ.

సాంబ్రాణి అయ్యాక చిక్కు. బెంజీన్ ఫార్ములా సి6హెచ్6, ఆరు కార్బన్లు, ఆరు హైడ్రోజన్లు. అదే ఆరు కార్బన్లున్న హెక్సేన్‌లో 14 హైడ్రోజన్లున్నాయి. ఇందులో 8 తక్కువ. అంత లోటున్న పదార్థం బ్రోమిన్ కనబడితే ఆవురావురుమని మీద పడాలి. పడుతుందా?

చేసి చూపించాలి. బెంజీన్ సీసా మేం వాడం, ఎందుకో తర్వాత చెబుతాను. దానికి తమ్ముడి వరసైన టోలీన్‌తో చేస్తాం, అదే వలయానికి ఒక మిథైల్ గుంపు తగిలించింది. మొదటిసారి చేసినప్పటి సంగతి చెప్పి తీరాలి. ల్యాబ్‌లో గాలి ఆడదని వరండాలో బల్ల వేశాం. ఒక టెస్ట్ ట్యూబులో వేరుశెనగ నూనె, ఇంకోదాంట్లో టోలీన్. రెండింట్లోనూ నారింజ రంగు బ్రోమిన్ నీళ్లు పోసి కుదిపాం. నూనెలో రంగు ఇట్టే పోయింది. టోలీన్ ట్యూబు చూసి ఒకడు “ఇదీ పోనాది మేడమ్!” అని అరిచాడు. అడుగున నీళ్లు నిజంగానే తెల్లబడ్డాయి. ఇంకొకడు ట్యూబు తీసుకుని కళ్ల దగ్గర పెట్టుకుని చూసి, “పోలేదురా, పైకెళ్లిపోనాది” అన్నాడు. అవును, నీళ్ల మీద తేలుతున్న టోలీన్ పొర నారింజ రంగులో మెరుస్తోంది. బ్రోమిన్ ఇల్లు మారింది, అంతే. ఎవరూ దాన్ని తినలేదు. ఆ ఒక్క చూపుకి నేను వాడికి సెమిస్టర్ మార్కులన్నీ ఇచ్చేద్దామనుకున్నాను.

అంతటితో ఆపి ఉంటే బాగుండేది. ట్యూబు స్టాండులో పెట్టి రికార్డులు దిద్దుతూ కూర్చున్నాను. వరండాలోకి ఎండ వచ్చింది. కాసేపటికి పై పొర రంగు కూడా పోయింది, దగ్గరికెళ్లిన వాళ్లకు కళ్లు మండి నీళ్లు కారాయి. ఎండ తగిలితే బ్రోమిన్ టోలీన్ వలయాన్ని వదిలేసి దాని పక్కనున్న మిథైల్ గుంపు మీద పడుతుంది. అప్పుడు పుట్టే బెంజైల్ బ్రోమైడ్ అచ్చం బాష్పవాయువులా పనిచేస్తుంది. పుస్తకంలో రెండు లైన్ల రియాక్షనే, నేనే ఎన్నోసార్లు చెప్పాను. నా కళ్లల్లో పడే దాకా ఆ సంగతి తట్టలేదు. ఇప్పుడు ట్యూబులకు నల్ల కాగితం చుడతాం. అయినా ఆ రోజు చూసిన పిల్లలు ఇక ఎప్పటికీ మరిచిపోరు, వలయం వేరు, వలయానికి తగిలించిన తోక వేరు అని.

వలయం బ్రోమిన్‌ని ఎందుకు ముట్టుకోదు? ఇక్కడే అంకెలు కావాలి. నా లెక్కన మొత్తం యూనిట్‌లో అసలు పాఠం ఈ అరగంటే. సైక్లోహెక్సీన్‌లో ఒక ద్విబంధం ఉంది. దానికి హైడ్రోజన్ ఎక్కిస్తే మోల్‌కి 28.6 కిలో కేలరీల వేడి బయటికొస్తుంది. రెండు ద్విబంధాలున్న సైక్లోహెక్సాడయీన్‌కి ఎంత రావాలి? పిల్లలు 57.2 అంటారు. కొలిస్తే 55.4, దగ్గర్లోనే ఉంది. మరి కెకూలే బొమ్మ ప్రకారం మూడున్న బెంజీన్‌కి? 85.8. అందరూ గట్టిగా చెబుతారు, ఇది మూడో ఎక్కమే కదా. అప్పుడు బోర్డు మీద 49.8 అని రాస్తాను.

ఇక్కడ నేను నోరు మూసుకోవాలి. అదే కష్టం. లెక్చరర్లకి నిశ్శబ్దం అంటే భయం, అర నిమిషం ఎవరూ మాట్లాడకపోతే జవాబు మనమే చెప్పేస్తాం. ఇప్పుడు చెప్పను. “లెక్క తప్పేమో” అంటారు. “వేడి బయటికి లీకయిందేమో” అంటారు, అది తెలివైన అనుమానమే. చివరికి ఎవరో ఒకరు, “తక్కువ వచ్చిందంటే మొదట్నుంచీ తక్కువే ఉందేమో” అంటారు. ఆ మాట వాళ్ల నోటి నుంచే రావాలి. మిగతా 36 కిలో కేలరీలు ఎక్కడికీ పోలేదు, అసలు అందులో లేవు. బొమ్మలో ఉండాల్సిన దానికంటే బెంజీన్ అంత కింద, అంత నిశ్చింతగా కూర్చుని ఉంది. రెండేళ్ల కిందట ఒక అబ్బాయి ఇంకో అడుగు ముందుకేశాడు. మూడున్న దానికి 49.8, రెండున్న దానికి 55.4, అంటే మొదటి హైడ్రోజన్ ఎక్కించడానికి మనమే ఎదురు 5.6 ఇవ్వాలి కదా అన్నాడు. సంకలన చర్యకు, అంటే ద్విబంధం తెంచి కొత్త పరమాణువుల్ని ఎక్కించుకోవడానికి, బెంజీన్ ఎందుకు మొరాయిస్తుందో, హైడ్రోజన్‌ని వదులుకుంటుంది గానీ వలయాన్ని ఎందుకు వదులుకోదో అంతా ఆ 5.6లో ఉంది. నాకు కాలేజీలో ఎవరూ అలా చెప్పలేదు, నేనూ ఎవరికీ చెప్పలేదు.

మాటల దగ్గర ఇంకో తంటా. 2021-22లో డిగ్రీ అంతా ఇంగ్లీషు మీడియం చేసేశారు. ఇంటర్ తెలుగులో చదివొచ్చిన పిల్లలకు రెజొనెన్స్ అంటే ఏమిటో తోచదు. పోనీ అనునాదం అంటే ఇంకా మోసం. ఫిజిక్స్‌లో శృతిదండం మోగితే పక్కది మోగడం అనునాదమని చదివారు, ఇక్కడా ఏదో మోగుతోంది, ఊగుతోంది అనుకుంటారు. ఇంగ్లీషు మాటలోనూ అదే ఊగుడు ఉంది. అందుకే ఆ మాటను ఆఖరున చెబుతున్నాను. దానికంటే అస్థానీకృతం నయం. పలకడానికి నోరు తిరగదు గానీ అర్థం సరిగ్గా ఉంది, ఒక చోటుకి కట్టుబడనిది అని. మూడు ద్విబంధాలకని గీసిన ఆరు ఎలక్ట్రాన్లు బెంజీన్‌లో ఏ రెండు కార్బన్ల మధ్యా ఉండిపోవు, వలయమంతా పరుచుకుని ఉంటాయి. ఆ మాట బోర్డు మీద రాస్తే వెనక నుంచి ఒకడు, “అంటే ఈ ఆరు ఎలక్ట్రాన్లూ నాన్‌లోకల్ అన్నమాట మేడమ్, వీటికి సర్టిఫికెట్ రాదు” అన్నాడు. అడ్మిషన్ల టైములో స్థానికత సర్టిఫికెట్ కోసం తిరిగిన పిల్లలు కదా, మళ్లీ ఎవరికీ వివరించాల్సిన పని పడలేదు. కొన్ని పుస్తకాల్లో గుర్రానికీ గాడిదకీ పుట్టిన కంచరగాడిద పోలిక ఇస్తారు. మా క్లాసులో కంచరగాడిదను చూసినవాడు ఒక్కడూ లేడు. తెలియనిదాన్ని తెలియనిదానితో పోల్చి ఏం లాభం?

అలాగని ఊళ్లో దొరికిన పోలికల్ని నమ్ముకుంటే ఏమవుతుందో కూడా చెబుతాను. నాకు చుట్టిళ్లంటే ఇష్టం. మా అమ్మమ్మ వాళ్ల ఊళ్లో ఉండేవి, సముద్రం గాలికి, తుపానుకి తట్టుకుంటాయని గుండ్రంగా కట్టుకునేవాళ్లు, గాలి పట్టుకోవడానికి మూల దొరకదు. ఒక ఏడాది బెంజీన్ వలయం చుట్టిల్లు లాంటిదని చెప్పి మురిసిపోయాను. పరీక్షలో ముప్పై మంది దాకా ‘బెంజీన్ గుండ్రంగా ఉంటుంది కాబట్టి స్థిరంగా ఉంటుంది’ అని రాశారు. చచ్చాను! గుండ్రంగా ఉండటమే కారణమైతే ఎనిమిది కార్బన్ల సైక్లోఆక్టాటెట్రయీన్ కూడా స్థిరంగా ఉండాలి, అందులోనూ ద్విబంధాలు ఒకటి విడిచి ఒకటి ఉన్నాయి. అది చదునుగా కూడా ఉండదు, తొట్టిలా వంగిపోతుంది. బ్రోమిన్ కనబడితే మామూలు ఆల్కీన్‌లాగే మింగేస్తుంది. ఆరు ఎలక్ట్రాన్లుంటే ఒకలా, ఎనిమిదుంటే ఇంకోలా ఎందుకన్నది హ్యూకెల్ 1931లో తేల్చాడు. అలా పరుచుకునే ఎలక్ట్రాన్లు 2, 6, 10 ఇలా ఉంటేనే ఈ నిలకడ అని చెప్పే 4ఎన్+2 అన్న సూత్రం పిల్లలందరికీ నోటికి వచ్చు, అది ఏ చిక్కుని విప్పిందో మాత్రం నా చుట్టిల్లు కప్పేసింది. ఇప్పుడు చుట్టిల్లు మాట ఎత్తను. ఎత్తాలనిపిస్తుంది, నిజం చెప్పాలంటే.

స్టాఫ్ రూమ్‌లో ఒక సీనియర్ సార్ నాతో ఎప్పుడూ వాదిస్తారు. “మీకు నాలుగు పీరియడ్లు, అందులో రెండు చిక్కుకే పోతే సిలబస్ ఎవరు చేస్తారమ్మా? పది మార్కుల ప్రశ్నకి బొమ్మ, బాణం, సూత్రం చాలు” అంటారు. ఆయన మాట కొట్టిపారేయలేను. నేను నిజంగానే వెనకబడతాను, ఫ్రీడెల్-క్రాఫ్ట్స్ చర్యలు ఆదరాబాదరాగా లాగించేస్తాను. మార్కులు కూడా పెద్దగా పెరిగాయని చెప్పలేను. కానీ మా పిల్లలు పరీక్ష రాసి ఎక్కడికెళుతున్నారో కూడా చూడాలి కదా. బీఎస్సీ అవగానే చాలామంది పైడిభీమవరం వైపు మందుల కంపెనీల్లో చేరుతున్నారు. క్వాలిటీ కంట్రోల్‌లో చేరినవాళ్ల పని, తయారైన మందులో సాల్వెంట్, అంటే తయారీలో వాడిన కరిగించే ద్రవం, ఎంత మిగిలిందో కొలవడం. అక్కడి నుంచి ఒక పాత స్టూడెంట్ ఫోన్ చేశాడు. “మేడమ్, గైడ్‌లైన్‌లో టోలీన్‌కి 890 పీపీఎం దాకా పర్లేదట, బెంజీన్‌కి 2 అట. ఒక్క మిథైల్ గ్రూపే కదా తేడా, ఇంత తేడా ఏల?” అన్నాడు. పీపీఎం అంటే పది లక్షల్లో ఒక వంతు.

సీసా ఎందుకు వాడమో ఇప్పుడు చెప్పాలి. మేం చదువుకునే రోజుల్లో బెంజీన్‌తోనే నైట్రేషన్ చేశాం. చేతికంటిన జిడ్డు బెంజీన్‌తోనే కడుక్కునేవాళ్లం, వాసన బాగుందని ఇంకోసారి పీల్చినవాళ్లూ ఉన్నారు. అది రక్త క్యాన్సర్ తెచ్చే పదార్థమని మాకెవరూ చెప్పలేదు. ఫోన్‌లో ఆ అబ్బాయికి చెప్పిన జవాబు ఇదీ. టోలీన్ ఒంట్లోకి వెళితే లివర్ దాని తోకను పట్టుకుంటుంది. మిథైల్ గుంపుని బెంజోయిక్ ఆమ్లంగా మార్చి, ఇంకో ముక్క తగిలించి మూత్రంలోంచి చాలావరకు పంపించేస్తుంది. బెంజీన్‌కి పట్టుకోవడానికి తోక లేదు. లివర్ ఆ వలయం మీదే చెయ్యి వేయాలి, 36 కిలో కేలరీల నిశ్చింతలో ఉన్న వలయం మీద. అప్పుడు పుట్టే ముక్కలే ఎముకల మూలుగను పాడుచేస్తాయి. వాడు కాసేపు ఆగి, “వరండాలో కళ్లు మండినప్పుడు కూడా తోకనే కదా మేడమ్ పట్టుకుంది” అన్నాడు. ఆ రోజు వాడూ ఉన్నాడని నాకు గుర్తే లేదు. పామును పట్టుకుని వేలాడి ఉంటే వాడికి ఆ మాట వచ్చేది కాదనే నా నమ్మకం.

పలాస వైపు పిల్లలకు ఇంకో దారి ఉంది. వాళ్ల ఇళ్లల్లో చాలామంది ఆడవాళ్లు జీడిపిక్కలు కొట్టే పనికి వెళతారు, తొక్కలోంచి వచ్చే నూనె తగిలితే చెయ్యి పొక్కుతుంది. అందుకే బూడిద పూసుకుని కొడతారు. ఆ నూనెలో ఉన్నది కూడా బెంజీన్ వలయమే, దానికి 15 కార్బన్ల పొడుగాటి తోక. ఒక అమ్మాయి ఇంటి దగ్గర్నుంచి చిన్న సీసాలో ఆ నూనె తెచ్చి బ్రోమిన్ పోసి చూద్దామంది. రంగు పోయింది. “తోకలో ద్విబంధాలున్నాయి కదండీ” అన్నారు అంతా. నిజమే, కానీ సగం. అది ఫినాల్ కూడా, అంటే వలయానికి ఓహెచ్ గుంపు తగిలి ఉంది, కాబట్టి వలయమూ బ్రోమిన్‌ని తీసుకుంటుంది, హైడ్రోజన్‌ని బయటికి పంపి ఆ చోట దాన్ని కూర్చోబెట్టుకుంటుంది. తోకలో సంకలనం, వలయంలో ప్రతిక్షేపణ, ఒకే ట్యూబులో రెండూ. ఏది ఎంతో విడదీసి చూపించే సాధనాలు మా ల్యాబ్‌లో లేవు. ఆ అమ్మాయి సీసా మాత్రం బీరువాలో ఉంచాను, వాళ్లమ్మ చేతుల గురించి తను చెప్పిన మాటలతో పాటు.

ఈ ఏడాది పాఠం మొన్ననే అయింది. ఆఖరి పీరియడ్‌లో కలరా ఉండ ఒకటి చూపించి, ఇది నాఫ్తలీన్, రెండు బెంజీన్ వలయాలు ఒక గోడను పంచుకున్నట్టు ఉంటుంది అన్నాను. ముందు బెంచీలో అమ్మాయి అప్పటికే నోట్సులో 72 అని రాసేసింది, రెండు ముప్పై ఆర్లు. పుస్తకంలో 61 అని ఉందమ్మా అన్నాను. తను పెన్ను నోట్లో పెట్టుకుని, “11 ఎక్కడికెళ్లినాయండీ?” అని, వెంటనే నాలిక కరచుకుని, “కాదు కాదు, ఎందుకు లేవండీ?” అని దిద్దుకుంది. బెల్లు కొట్టారు. ఇచ్ఛాపురం బస్సుకి టైమైందని సగం మంది లేచి నిలబడ్డారు. తను మాత్రం రెండు షడ్భుజులు పక్కపక్కన గీసి, గీతలు ఒక్కోటీ జరుపుతూ కూర్చుంది.